తాగేదెవరండీ?

దుకాణంలోకి వచ్చి "గ్లాసుల మీద పేర్లు వేస్తారా?" అని అడిగిన వాళ్లని నేను ముందుగా అడిగేది ఒకటే: "తాగేదెవరండీ?" ఈ ప్రశ్న వల్ల నాకు ఒకటి రెండు బేరాలు పోయాయి కూడా. మొన్నొక పెద్దాయన అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "తాగుడేటి బాబూ, మాది పదో తరగతి బ్యాచ్ ఫంక్షను. ఆడోళ్లు కూడా వస్తారు" అన్నాడు. నేనడిగింది మంచినీళ్ల సంగతేనని నచ్చజెప్పేసరికి ఆయన కోసం తెప్పించిన టీ చల్లారిపోయింది.

నెల్లిమర్లలో నాది చిన్న ప్రింటింగు దుకాణం. శుభలేఖలతో మొదలైంది. ఫ్లెక్సీలు వచ్చాక అవి, ఆ తర్వాత మగ్గులు, ఇప్పుడు స్టీలు బాటిళ్లు. గృహప్రవేశాలకి, పూర్వ విద్యార్థుల సమ్మేళనాలకి, కొత్తగా తెరిచిన మందుల షాపులకి, చిట్టీల కంపెనీలకి, ఎవరికైనా ఇప్పుడు కానుకంటే ఇదే. డబ్బులిచ్చేది ఒకరు, నీళ్లు తాగేది ఇంకొకరు. ఆర్డరిచ్చేటప్పుడు ఆ రెండోవాడి ఊసే ఎవరికీ ఉండదు. అందుకే ఆ ప్రశ్న.

మా మామ్మ గ్లాసొకటి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. స్టీలుది. అడుగున చుక్కలు చుక్కలుగా ఇంటిపేరులో మొదటి అక్షరం, దాని పక్కన మామ్మ పేరులో రెండక్షరాలు, కింద 1974. అంతే. విజయనగరం గంటస్తంభం దగ్గర స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద ఒకాయన కూర్చుని పేర్లు కొట్టేవాడు. మొదట్లో సన్న ఉలి, చిన్న సుత్తి. నేను చూసేనాటికి కరెంటు మిషనొచ్చింది. పెన్నులా పట్టుకుని రాస్తుంటే జుయ్యిమని మోత. పక్కన నిలబడితే పళ్లు పులిసిపోయేవి. బిందెని ఒళ్లో పెట్టుకుని, ముందు గీత కూడా గీసుకోకుండా, గుండ్రటి ఒంటి మీద వరస తప్పకుండా రాసేవాడు. ఆయన రాత ఆయన చెవిని బట్టి ఉండేది. మన జిల్లాలో ఉన్న అప్పలనరసమ్మలంతా ఆయన చేతిలో అప్పలర్సమ్మలయ్యారు.

అప్పట్లో లెక్క అక్షరానికింతని. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది గాని, మా మామ్మ గ్లాసు మీద మూడక్షరాలే ఉండడానికి కారణం అదే. పిల్లకిచ్చే సారె బిందె మీదైతే పేరూ ఊరూ తారీఖూ పూర్తిగా కొట్టించేవారు. బిందె వీధిలో నలుగురి కళ్లా పడేది కాబట్టి ఆ ఖర్చు పెట్టేవారు. గ్లాసు మీది పేరు వేరే పనికి. వీధిలో ఎవరింట పెళ్లైనా నాలుగిళ్ల గ్లాసులూ అక్కడికి చేరేవి. మర్నాడు తోమి బోర్లించాక, అడుగు చూసి ఎవరివి వాళ్లకి పంపేవారు. మూడక్షరాలు చాలేవి. ఆ పేరు ఇంటికి తిరిగి రావడానికి, ఊరికి చూపించుకోడానికి కాదు.

ఇప్పుడు లేజరు మిషనుకి అక్షరాల లెక్క లేదు. మూడక్షరాలైనా ముప్ఫై లైన్లైనా కస్టమరుకి రేటు దాదాపు ఒకటే. దాంతో లోగో, నినాదం, బ్రాంచీలు, రెండు ఫోన్ నెంబర్లు, ఒకసారైతే జీఎస్టీ నెంబరు కూడా వేయమన్నారు. మంచినీళ్లు తాగుతూ జీఎస్టీ నెంబరు ఎవరు చదువుతారండీ?

గ్లాసు వెడల్పు ఏడు సెంటీమీటర్లనుకోండి. చుట్టుకొలత ఇరవై రెండు. ఎదురుగా నిలబడి చూస్తే కంటికి సాఫీగా ఆనేది అందులో మూడో వంతు, అంటే ఏడు సెంటీమీటర్లు. దాన్ని మించి అక్షరాలు పరిస్తే చివరివి ఒంపులో వెనక్కి పోతాయి. చదవాలంటే గ్లాసు తిప్పాలి. తిప్పితే నీళ్లు ఒలుకుతాయి. కాబట్టి ఆరు సెంటీమీటర్ల లోపే నా డిజైను. అంచు కింద రెండు సెంటీమీటర్లు ఖాళీ వదిలేస్తాను. పెదవి ఆనే చోట రంగు ఉండకూడదు.

పెదవి ఆనడం మాటకొస్తే, ఈ కంపెనీల కేటలాగుల్లో బాటిళ్లన్నీ మూతి పెట్టి తాగేవే. సిప్పరు, స్ట్రా, నొక్కితే తెరుచుకునే మూత. మన పెద్దవాళ్లు ఎత్తి పోసుకుంటారు. మూతి ఇరుగ్గా ఉన్న సీసాని ఎత్తితే ధార నోట్లోకి కాక ముక్కులోకి పోతుంది. రిటైరైన మాస్టార్ల సన్మానానికి సిప్పరు బాటిళ్లు కావాలని వచ్చిన కుర్రాళ్లకి ఒక సీసాలో నీళ్లు పోసిచ్చి, "ఎంగిలి చెయ్యకుండా తాగి చూపించండి" అన్నాను. చొక్కాలు తడిశాక వెడల్పు మూతివి తీసుకున్నారు. వెనకటి మరచెంబు ఈ లెక్కలో ఎంత తెలివైన వస్తువో! మూత తిప్పితే రైల్లో ఒలకదు, తీస్తే చెంబే. సరుబుజ్జిలి, సారవకోట వైపు వెళ్లేవాళ్లకి తెలుసు, బుడితిలో ఇప్పటికీ కంచు, ఇత్తడి పాత్రలు చేస్తున్నారు. ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వంద కానుకలు ఇవ్వాల్సిన చోట పది మంది పెద్దలకైనా అక్కడి చెంబులివ్వమని చెబుతుంటాను. ఎవరూ వినరు. బరువంటారు, ధరంటారు.

పింగాణీ మగ్గు గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. మన ఇళ్లలో కాఫీ టీలు తాగేది చిన్న గ్లాసుల్లో, కప్పుల్లో. కంపెనీ మగ్గులో పట్టేది మూడొందల మిల్లీలీటర్ల పైమాట. అంత టీ ఒక్కరికి పోసే ఇల్లు నాకు తెలీదు. అందుకే అది నెల తిరిగేసరికి పెన్నుల స్టాండో, టూత్‌బ్రష్షుల డబ్బానో అవుతుంది. పుట్టినరోజుకి పిల్లాడి ఫోటో వేయించుకుంటారా, సరే, సంతోషంగా చేసిస్తాను. ఫోటో అచ్చును తిరగేసి కాగితం మీద తీసి, మగ్గుకి చుట్టి, నూట ఎనభై డిగ్రీల పైన మూడు నిమిషాలు ప్రెస్సులో బిగిస్తే, ఇంకు ఆవిరై మగ్గు పైపూతలోకి ఇంకిపోతుంది. ఆ పూత లేని మామూలు మగ్గుకి అది పట్టదు. నల్ల మగ్గు మీదా కుదరదు. ఆ ఇంకుల్లో తెలుపు లేదు, కింది నలుపే పైకి కనిపిస్తుంది. "నల్ల మగ్గు మీద తెల్లగా మా అబ్బాయి" అని అడిగేవాళ్లకి ఈ సంగతి చెప్పడం నాకు వారానికోసారి పని.

స్టీలైతే ముందు సరుకు చూడాలి. 304 రకం అంటే నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. 202లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, చవక. అయస్కాంతం పెట్టి కనిపెట్టేస్తామని కొందరు జేబులో వేసుకొస్తారు. మామూలుగా ఈ రెంటికీ అయస్కాంతం అంటుకోదు, ఆ పరీక్షతో తేలేది తక్కువ. బిల్లు మీద రకం రాయించుకోవడమే దారి. నేనూ ఒకసారి మోసపోయాను. 304 అని తెచ్చిన సరుకు మీద లేజరుతో పేర్లు కొడితే, రెండు నెలలకి అక్షరాల గాట్లలోనే తుప్పు తేలింది. స్టీలుకి తుప్పు పట్టకుండా కాపాడేది పైనున్న సన్నటి క్రోమియం ఆక్సైడు పొర. లేజరు వేడి మితిమీరితే ఆ పొర అక్షరం మేరకి చెడిపోతుంది. సరుకు నాసిరకమైతే ఇంక చెప్పక్కర్లేదు. సరుకు తప్పెంతో, నా మిషను వేడి తప్పెంతో ఈరోజుకీ తేల్చుకోలేదు. అప్పట్నుంచి మాత్రం ఏ కొత్త సరుకు వచ్చినా ఒకటి మా అమ్మకిస్తాను. ఆవిడ దాన్ని స్టీలు పీచుతో, మానలేని అలవాటు కొద్దీ ఒక్కోసారి బూడిదతో కూడా, పదిహేను రోజులు తోముతుంది. స్టిక్కర్లు మూడో రోజుకే లేచిపోయాయి. హార్డెనరు కలిపిన స్క్రీన్ ఇంకు పదిహేను రోజులూ నిలబడింది గాని అంచులు అరిగాయి. రంగు పూసిన బాటిలు మీద లేజరుతో రంగు లేపేసి లోపలి స్టీలు కనబడేలా తీసిన అక్షరాలు చెక్కుచెదరలేదు. నా సిఫార్సు అదే.

చెక్కుచెదరకపోవడం ఒక్కోసారి శాపం. ఒక బ్యాచ్ వాళ్ల సమ్మేళనానికి నూట ఇరవై నీలం బాటిళ్లు ఒప్పుకున్నాను. మ్యాటరు వాట్సాప్‌లో వచ్చింది. మా దగ్గర డిజైను సాఫ్ట్‌వేరు పాతది. అను ఫాంట్లలో టైపు చేస్తే దానికి బాగానే అర్థమవుతుంది, ఫోన్లో టైపు చేసిన తెలుగుని తెచ్చి అతికిస్తే వత్తులు తెగ్గొట్టేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ, ఆ రాత్రి తొందరలో అతికించి, శాంపిలు తీయకుండా మిషను ఆన్ చేశాను. పొద్దున్న చూస్తే నూట ఇరవై బాటిళ్ల మీదా "నెల్‌లిమర్‌ల" అని ఉంది. నా ఊరు. నేను పుట్టిన ఊరు. పేరులో రెండు వత్తులుంటే రెండూ ఊడిపోయాయి. కింద "సమ్‌మేళనం". లేజరుతో తీసిందానికి చెరుపు లేదు. గంటస్తంభం దగ్గర అరుగు మీద కూర్చున్నాయన బతికుండగా వేలకొద్దీ పేర్లు కొట్టి ఉంటాడు, చెవిని బట్టి తప్పులు రాశాడేమో గాని ఒక్క వత్తునీ ఇలా ముక్క చేసి పారెయ్యలేదు.

నా డబ్బుతో మళ్లీ సరుకు తెచ్చి రెండు రోజుల్లో అప్పజెప్పాను. తప్పు బాటిళ్లు మా వీధిలో పంచేశాను. శ్రీరామనవమికి రామతీర్థం వెళ్లేవాళ్ల కోసం మేం పెట్టే చలివేంద్రంలో కొన్ని పెట్టాను. తమాషా ఏమిటంటే, వాటిలో రెండు విజయనగరం ఆటోల్లో మర్చిపోతే రెండూ తిరిగొచ్చాయి. "ఇలాగ రాసింది మీ వీధోళ్ల దగ్గరే ఉంటాది గదా" అన్నాడు ఆటో అబ్బాయి.

పేరు ఎంత పెద్దగా వేయాలన్నది ఎప్పుడూ తెగని బేరమే. ఇచ్చేవాడి పేరు అరచేయంత ఉన్న గ్లాసుని ఇంట్లో వెనక వరసలో పెడతారు, చుట్టాలొస్తే తియ్యరు. చిన్నగా, అడుగునో పక్కనో ఉన్నది రోజూ వాడకంలోకి వస్తుంది. చేతిపిడి ఉన్న మగ్గుకైతే, కుడిచేత్తో పట్టుకున్నప్పుడు తాగేవాడికి కనిపించే వైపు వేయిస్తాను. కస్టమర్లు ఎదుటివాళ్లకి కనిపించే వైపు అడుగుతారు. మనిషి రోజూ చూసుకునేది తన వైపు గదా అంటాను. సగం మంది ఒప్పుకుంటారు.

ఇచ్చేవాడి గుర్తున్న కప్పు చరిత్రలో ఒకచోట ఘోరానికే కారణమైంది. 1896లో రష్యా చక్రవర్తి రెండో నికొలస్ పట్టాభిషేకం సందర్భంగా మాస్కో పక్కన ఖొదిన్కా మైదానంలో జనానికి కానుకలు పంచుతామన్నారు. రొట్టె, మిఠాయిలు, వాటితో పాటు రాజు ముద్ర, సంవత్సరం వేసిన ఎనామెలు కప్పు. రాత్రికి రాత్రే లక్షల్లో చేరారు. కానుకలు అందరికీ చాలవన్న పుకారు లేచి తొక్కిసలాట జరిగింది. సర్కారు లెక్క ప్రకారమే 1,389 మంది పోయారు. ఆ కప్పుల్ని పాత వస్తువులు పోగుచేసేవాళ్లు ఈరోజుకీ కొంటున్నారు.

మన నియోజకవర్గంలో 2024లో గ్లాసే అభ్యర్థి గుర్తయింది. గాజు గ్లాసు గుర్తు మీద జనసేన గెలిచింది. జూట్ మిల్లు గేటు ఎదుట టీ బళ్ల మీద బోర్లించిన గ్లాసులకి ఏ ప్రింటింగూ అక్కర్లేకపోయింది. ఎన్నికల కోడు ఉన్నన్నాళ్లూ నేను ఏ రకం గ్లాసుకీ ఆర్డరు పట్టలేదు. ఓటర్లకి వస్తువులు పంచడం నేరం, అది పెళ్లి కానుకా ఎన్నికల కానుకా అని అధికారుల ముందు రుజువు చేసుకునే ఓపిక నాకు లేదు. ఒక పెళ్లివారు అలిగారు. కోడు ఎత్తేశాక వాళ్ల అబ్బాయి నామకరణానికి మళ్లీ నా దగ్గరకే వచ్చారు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు దేశమంతటా నిషేధం. వాటి స్థానంలో పేరు అచ్చువేసిన పేపరు కప్పులు అడుగుతున్నారు. చేసిస్తాను గాని వాటి మీద నాకు మనసు లేదు. పానకం తాగి పారేసే అయిదు నిమిషాలే వాటి ఆయుష్షు, ఆ తర్వాత దాత పేరు కాలవలో తేలుతుంటుంది. ఆ డబ్బుతో నలభై స్టీలు గ్లాసులు కొని చలివేంద్రానికివ్వండి, అడుగున మీ పేరు నేను ఉచితంగా కొట్టిస్తాను.

ఇక ఆర్డరిచ్చే వాళ్లకి నా మనవి. లోగో స్క్రీన్‌షాట్ తీసి పంపకండి, అసలు ఫైలు పంపండి. తెలుగు మ్యాటరు ఫోన్లో టైపు చేసినా సరే, దానితో పాటు తెల్ల కాగితం మీద మీ చేత్తో రాసి కూడా ఇవ్వండి. పక్కన పెట్టుకుని వత్తు వత్తుకీ సరిచూశాకే మిషను ఆన్ చేస్తాను. వందకి పైనైతే వారం రోజుల టైము కావాలి. ఆదివారం దుకాణం మధ్యాహ్నం దాకానే.