వింతజీవుల పరిజ్ఞాన పరీక్ష: ఒక విమర్శనాత్మక పరిశీలన

నాటకంలో ప్రేక్షకుడికి తెలిసిన విషయం పాత్రకు తెలియకపోవచ్చు. బల్ల చుట్టూ కూర్చొని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో ప్రేక్షకుడూ పాత్రధారీ ఒక్కరే. 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకు ఆద్యం. అందులో ట్రోల్ అనే జీవి గాయాలు వాటంతట అవే మానిపోతాయి. నిప్పు, ఆమ్లం చేసిన గాయాలు మాత్రం మానవు. అనుభవం ఉన్న ఆటగాడికి ఇది తెలుసు. అతని పాత్రకు తెలుసా? దీన్ని తేల్చడానికి ఏర్పడిందే పరిజ్ఞాన పరీక్ష.

2003 నాటి 3.5 కూర్పును పరిశీలిద్దాం. ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేసి, వచ్చిన అంకెకు పాత్ర నైపుణ్యాన్ని కలుపుతాడు. జీవి బలాన్ని సూచించే ‘హిట్ డైస్’ సంఖ్యకు 10 కలిపితే లక్ష్యం వస్తుంది. ట్రోల్‌కు హిట్ డైస్ 6 కనుక లక్ష్యం 16. దాన్ని అందుకుంటే పనికొచ్చే సమాచారం ఒకటి దక్కుతుంది. ఆపైన ప్రతి 5 అంకెలకూ మరొకటి.

ఈ నియమం సుగుణం నిష్పాక్షికత. అయితే హిట్ డైస్ బలానికి కొలతే గాని ప్రసిద్ధికి కాదు. అందువల్ల దేశమంతా భయపడే ఎర్ర డ్రాగన్ వయసు పెరిగేకొద్దీ దాన్ని గుర్తుపట్టడం కష్టమవుతుంది! పైగా శిక్షణ లేని పాత్ర 10కి మించిన లక్ష్యాన్ని అందుకోలేదు. తోడేలు హిట్ డైస్ 2, లక్ష్యం 12. నియమాన్ని అక్షరాలా పాటిస్తే గొర్రెల కాపరికి తోడేలు ఏదో తెలియదు.

మరో లోపం, పాచిక తప్పితే మిగిలే మౌనం. నిప్పు సంగతి తెలిసిన ఆటగాడు ఏమీ తెలియనట్లు కత్తి తిప్పుతూ ఉండాలి. పాత్రపోషణ అక్కడ అజ్ఞానం నటించడంగా కుంచించుకుపోతుంది.

2012 నాటి డంజన్ వరల్డ్ మరో దారి పట్టింది. పాచికల మొత్తం 10 లేదా అంతకు మించితే నిర్వాహకుడు ఆసక్తికరమైన, ఉపయోగపడే విషయం చెబుతాడు. 7 నుంచి 9 వస్తే ఆసక్తికరమైనది మాత్రమే చెబుతాడు. దాన్ని ఉపయోగంలోకి తెచ్చుకోవడం ఆటగాడి పని. ‘ఇది నీకెలా తెలుసు?’ అని కూడా నిర్వాహకుడు అడగవచ్చు. జవాబుగా అమ్మమ్మ చెప్పిన కథో, పాత యుద్ధమో బయటికి వస్తుంది. అంటే జ్ఞానం పాత్ర జీవితంలో భాగమవుతుంది.

కాబట్టి ఊరందరికీ తెలిసినది పాచిక లేకుండానే చెప్పాలి. అరుదైన దానికే పాచిక వేయించాలి. పాచిక తప్పినా, కథ సాగడానికి ఒక ఆధారం మిగల్చాలి.

ఆలోచించండి: మీ ఊళ్లో పాముల గురించి ఎవరికి, ఎంత, ఎలా తెలుసు? దాన్ని ఆట నియమంగా రాయండి.