క్షమ – ఋణం – న్యాయం: తెలుగు బైబిలు పరిభాషపై ఒక పరిశీలన

మద్దూరి నగేష్‌బాబు తన కవితాసంపుటికి ‘నరలోక ప్రార్థన’ అని పేరు పెట్టారు. క్రీస్తు శిష్యులకు నేర్పిన ప్రార్థనను తెలుగు క్రైస్తవులు ‘పరలోక ప్రార్థన’ అంటారు. మొదటి అక్షరం ఒక్కటి మారడంతో ప్రార్థన వాడలోకి దిగివచ్చింది. ఈ శీర్షికను క్రైస్తవంపై ధిక్కారంగా చదవడం సులభం. కారంచేడు (1985), చుండూరు (1991) ఘటనల తర్వాత వెలువడిన దళిత కవిత్వాన్ని చర్చించేటప్పుడు, క్షమించమనే మతం ఒకవైపు, ఎదిరించమనే కవిత్వం మరొకవైపు అన్న విభజన మనకు అలవాటైపోయింది. ఈ విభజన నిలవదని నా అభిప్రాయం. ఈ చిక్కుకు చాలావరకు మూలం ‘క్షమ’ అనే అనువాదపదంలోనే ఉంది.

సంస్కృతంలో ‘క్షమ్’ ధాతువుకు ఓర్చుకోవడం అని అర్థం. అమరకోశం నానార్థవర్గం ‘క్షమా’ శబ్దానికి భూమి, ఓర్పు అనే రెండర్థాలు చెబుతుంది. తొక్కినా తవ్వినా భరిస్తుంది కనుక భూమి సర్వంసహ. శిక్షించగలిగి కూడా ఓర్చుకున్న రాజుకు ఈ గుణం భూషణం. శిక్షించే శక్తే లేనివాడికి అదే గుణాన్ని బోధిస్తే దాని అర్థం మారిపోతుంది. సువార్తల గ్రీకుమూలంలో క్షమించడానికి వాడిన ‘అఫియేమి’ క్రియకు విడిచిపెట్టడం అని అర్థం. బాకీని రద్దుచేయడానికి కూడా అదే మాట వాడతారు. మత్తయి సువార్తలోని ప్రార్థనలో తెలుగు అనువాదకులు ‘ఋణములు’, ‘ఋణస్థులు’ అనే మాటలను నిలిపి మూలాన్ని గట్టిగానే పట్టుకున్నారు. అయితే ఆ ఋణాన్ని వదిలే క్రియ దగ్గర మాత్రం ‘క్షమించు’ అన్నారు. దాంతో లెక్కా ఓర్పూ ఒకే వాక్యంలో కలిసిపోయాయి. బాకీ వదలాలంటే అది ఎంతో ముందు తేలాలి, బాకీదారు ఎవరో తెలియాలి. ఓర్చుకోవడానికి ఇవేవీ అక్కరలేదు. చిన్నప్పుడు సండేస్కూలులో మాకు ఈ మాటను ‘సహించడం’ అనే వివరించారు. దానికి మరో అర్థం ఉంటుందని చాలాకాలం నాకు తోచనే లేదు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో క్షమకు ముందు తప్పుచేసినవాణ్ని గద్దించడం, అతడు మారుమనస్సు పొందడం ఉన్నాయి. 19వ అధ్యాయంలో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రసంగాల్లో జక్కయ్య చెట్టెక్కడం గురించి విన్నంతగా ఈ నాలుగింతల గురించి వినం.

ఒరిస్సాలోని మనోహర్‌పూర్ ఘటనను ఈ దృష్టితో చూడవచ్చు. 1999 జనవరి 22–23 తేదీల మధ్య రాత్రి, కుష్ఠురోగుల సేవలో ఉన్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు చిన్న కొడుకులనూ వారు నిద్రిస్తున్న వాహనంలోనే తగులబెట్టారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానన్నారు. ఆ మాట దేశమంతటా ప్రశంసలు పొందింది. క్షమనూ నేరానికి కలిగే పర్యవసానాన్నీ కలపరాదని ఆమె చెప్పిన సంగతి మాత్రం అంతగా ప్రచారం కాలేదు. న్యాయప్రక్రియ తన దారిన సాగింది. ప్రధాన ముద్దాయికి 2003లో మరణశిక్ష పడగా, 2005లో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది; 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. భర్తకూ బిడ్డలకూ జరిగిన దానిపై తన మనసులోని పగను వదులుకునే అధికారం గ్లాడిస్‌ది. నేరాన్ని నేరంగా నమోదుచేయవలసిన బాధ్యత రాజ్యానిది. ఆమె ఆ రెంటినీ వేరుచేసి చూశారు. ఆమెను పొగిడినవారిలో చాలామంది చూడలేదు.

తెలుగు పాఠకుడికి ఈ భేదం కొత్తది కాదు. పోతన భాగవతం ప్రథమస్కంధంలో, నిద్రిస్తున్న తన అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను విడిచిపెట్టమని ద్రౌపది కోరుతుంది. అతని తల్లికి తనలాంటి దుఃఖం రాకూడదంటుంది. అర్జునుడు అతణ్ని చంపలేదు. తల గొరిగి, శిరోమణిని తీసుకొని వెళ్లగొట్టాడు. అక్కడ క్షమా ఉంది, శిక్షా ఉంది. ఈ ఘట్టాన్ని ఉదాత్తతకు ఉదాహరణగా చూపేటప్పుడు రెండు విషయాలు మరవరాదు. అశ్వత్థామ గురుపుత్రుడు, బ్రాహ్మణుడు. ఆ కారణం ద్రౌపది మాటల్లోనే ఉంది. రెండోది, అతడు కట్టుబడి, తలవంచుకొని ఆమె ఎదుట నిలబడ్డాడు.

చుండూరులో అలా ఎవరూ నిలబడలేదు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులు హతులయ్యారు. ఆ ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. ఆ తీర్పుపై బాధితుల పక్షం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఇరవైమూడేళ్ల తర్వాత కూడా ఋణస్థుడెవరో తేలకపోతే, పరలోక ప్రార్థన చేసే చుండూరు తల్లి ఎవరి ఋణాన్ని వదలాలి? ఆమెకు అప్పుడు మిగిలేది సంస్కృతార్థంలోని క్షమ ఒక్కటే. నగేష్‌బాబు శీర్షికలోని ‘నరలోక’ శబ్దానికి బరువు ఇక్కడే ఉందనుకుంటాను. బాకీ నరలోకానిది కనుక లెక్క కూడా ఇక్కడే తేలాలని అడగడం ఆ ప్రార్థనలోని ఋణపదాన్ని తిరస్కరించడం కాదు, అక్షరాలా తీసుకోవడం.

చుండూరు మృతులను ఊరి నడుమ పాతిపెట్టారు. ఆ స్థలానికి ‘రక్తక్షేత్రం’ అని పేరు. ఆదికాండం 4వ అధ్యాయంలో కయీను తమ్ముణ్ని చంపినప్పుడు నేల నోరు తెరచి ఆ రక్తాన్ని పుచ్చుకుంటుంది. ఆ రక్తం నేలలోంచి దేవునికి మొరపెడుతుంది. సర్వంసహగా పేరుపడిన భూమికీ ఈ నేలకూ ఎంతో దూరం ఉంది. దళిత కవిత్వంలోని మట్టి, నేల, సమాధి వంటి ప్రతీకలను మనం ఇంతవరకు ఎక్కువగా భూమిహక్కుల దృష్టితోనే చదివాం. హేబెలు కథను పక్కన పెట్టుకొని వాటిని మళ్లీ చదవవలసి ఉంది.