వ్యాయామానికి ప్రేరకులెవరు? – తెలుగు పద్య గద్యాల్లో ‘ఉత్సాహ’ భావన

తెలుగు వ్యాకరణంలో ప్రేరణ అంటే ఒకరు మరొకరి చేత పని చేయించడం. ‘చేయు’ ధాతువుకు ‘ఇంచు’ చేరితే ‘చేయించు’ అవుతుంది. అక్కడ పని చేసేవాడు ఒకడు, చేయించేవాడు మరొకడు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) మొదలుకొని పాఠశాల వ్యాకరణాల వరకు ఈ విభజనలో సందిగ్ధత లేదు. ‘ప్రేరణ’ అన్న మాటను నేటి వ్యక్తిత్వ వికాస గ్రంథాలు, ఆరోగ్య వ్యాసాలు తరచుగా వాడుతున్నప్పుడు మాత్రం ఈ ఇద్దరు కర్తలు ఒకే మనిషిలోకి వచ్చి చేరుతున్నారు. తెల్లవారుజామున లేచి నడవవలసినవాడూ అతడే, తనను తాను లేపి నడిపించవలసినవాడూ అతడే. ప్రేరకుడికి నిద్ర పడితే ప్రేరితుడిని లేపేదెవరన్న ప్రశ్న ఆ గ్రంథాలకు తట్టదు. తెలుగు సాహిత్యం ఈ ప్రశ్నను వేరువేరు కాలాల్లో వేరువేరు విధాలుగా ఎదుర్కొన్నది. దేహశ్రమకు మనిషిని పురికొల్పేదేమిటి, ఆ శ్రమ వల్ల కలిగే హాయి శ్రమకు కారణమా, ఫలమా అన్న విషయాలపై కొన్ని రచనల వైఖరిని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అలంకారశాస్త్రం ఉత్సాహాన్ని వీరరసానికి స్థాయీభావంగా చెప్పింది. తెలుగు ఛందస్సులో ఏడు సూర్యగణాలు, ఒక గురువు గల జాతి పద్యానికి కూడా ‘ఉత్సాహ’ అనే పేరు. పేరు పెట్టినవారి ఆలోచన ఏమైనప్పటికీ, సూర్యగణాలు వరుసగా పరుగులు తీస్తుంటే ఆ పేరు దానికి అమరిందనే అనిపిస్తుంది. కానీ స్థాయీభావమన్నది అప్పటికే మనసులో ఉన్నది. విభావాదుల చేత ఉద్దీపితమయ్యేది. లేనిదాన్ని పుట్టించే ఉపాయం అలంకారికులు చెప్పలేదు, అది వారి పని కూడా కాదు. ఆ పనిని చేపట్టినవారు వైద్యగ్రంథకర్తలు.

వైద్యగ్రంథాల పొదుపు

అష్టాంగహృదయం సూత్రస్థానం రెండో అధ్యాయంలో దినచర్యను వివరిస్తూ వాగ్భటుడు వ్యాయామ ఫలాల్లో ముందుగా లాఘవాన్ని చెప్పాడు. పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని దీప్తి, కొవ్వు తగ్గడం దాని వెనుక వస్తాయి. తేలికదనం మొదట రావడం గమనించదగినది. దేహం తేలికపడటం ఇతరులు కొలిచి చెప్పగలిగేది కాదు, చేసినవాడికే తెలిసేది. అంటే గ్రంథకర్త వ్యాయామానికి చూపిన మొదటి ప్రయోజనం ఒక అనుభూతి. అయితే దానిని ఆయన ఫలంగానే పేర్కొన్నాడు, అర్హతగా కాదు. హాయిగా ఉన్నప్పుడు వ్యాయామం చేయమనలేదు. చేస్తే హాయి కలుగుతుందన్నాడు.

రెండో విశేషం పరిమితి. బలవంతుడైనా శక్తిలో సగం వరకే వ్యాయామం చేయాలని, అదీ చలికాలంలోనూ వసంతంలోనూ అని, మిగిలిన రుతువుల్లో ఇంకా తగ్గించాలని నియమం. సగం బలం ఖర్చయిందనడానికి గుర్తును సుశ్రుతసంహిత చికిత్సాస్థానం చెబుతుంది: హృదయంలోని వాయువు నోటికి చేరడం. ముక్కుతో తీసే ఊపిరి చాలక నోరు తెరవవలసి రావడమని దానిని వాడుకభాషలో చెప్పుకోవచ్చు. అంతకు మించినది సాహసం. ఏనుగును చంపి, దాన్ని ఈడ్చుకుపోబోయి తానే నశించే సింహంతో వాగ్భటుడు ఆ సాహసికుణ్ణి పోల్చాడు. ‘సాహసం’ అన్న మాట తెలుగులో ఇప్పుడు మెప్పుగా మారిపోయింది గాని, ఈ ప్రకరణంలో అది రోగకారణం.

ఇంతకన్నా విలువైన సూచన చరకసంహిత సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఉంది. అలవాటైన అహితాన్ని ఒక్కసారిగా కాక పాదం పాదంగా విడవాలని, హితాన్ని కూడా అదే క్రమంలో అలవరచుకోవాలని ఆ గ్రంథం చెబుతుంది. మనిషి మంచిదని తెలిసినదాన్ని వెంటనే చేయలేడన్న నిజాన్ని నిందావాక్యం లేకుండా ఒప్పుకొన్న స్థలమిది. ఇక్కడ ప్రేరకుడు ఆవేశం కాదు, లెక్క. ఒక పాదం అలవాటైనవాడికి రెండో పాదానికి ప్రోద్బలం ఆ మొదటి పాదమే.

అదే అధ్యాయంలో వ్యాయామ ప్రకరణానికి చేరి ఉన్న శ్లోకాలు వ్యాయామం మానవలసినవారి జాబితానిస్తాయి. బరువులు మోసి, దారులు నడిచి, పనులు చేసి కృశించినవారు. క్రోధం, శోకం, భయం చేత పీడితులైనవారు. ఆకలిదప్పులు గలవారు అందులో ఉన్నారు. వ్యాయామం అందరికీ సమానంగా విధించదగిన ధర్మం కాదని దీని భావం. అది మిగులు బలానికి సంబంధించినది. ఈ జాబితాను పక్కన ఉంచుకొని చదివితే గురజాడ దేశభక్తి గేయానికి అలవాటైన అర్థం కొంత మారుతుంది.

గురజాడ పెట్టిన షరతు

గురజాడ అప్పారావు (1862–1915) దేశభక్తి గేయంలో కండను గూర్చిన పాదాలు పాఠశాల ఆటలపోటీల వేదికల మీద, వ్యాయామశాలల గోడల మీద తెలుగువారికి సుపరిచితం. వాటిని ఉదాహరించేవారు ఎక్కువగా రెండో సగాన్నే నొక్కి చెబుతారు: కండ ఉన్నవాడే మనిషి. మొదటి సగం ఒక షరతు. కండ ఉండాలంటే తిండి ఉండాలి. అంతకు ముందు పాడిపంటలు పొంగే దారిలో పాటుపడమన్న ప్రబోధం ఉంది. క్రమం స్పష్టమే: పాటు, పంట, తిండి, కండ. ఈ గొలుసులో మొదటి మూడు కొక్కేలను ఊడదీసి నాలుగోదాన్ని మాత్రమే గోడకు తగిలించడం వల్ల గేయం కసరత్తు నినాదమైంది. గేయం మొత్తంలో వ్యాయామం అన్న మాట లేదు. సాము లేదు, గరిడీ లేదు, దండీలు బస్కీలు లేవు. గురజాడ దృష్టిలో కండ తాలింఖానాలో మొలిచేది కాదు, అన్నం కుదిరిన ఇంట్లో మొలిచేది. ఆకలిగొన్నవాడిని వ్యాయామం మానమన్న వైద్యశ్లోకానికీ, తిండి సంగతి ముందు చూడమన్న ఈ గేయానికీ ప్రత్యక్ష సంబంధం ఉన్నదని చెప్పనవసరం లేదు. రెండూ ఒకే వాస్తవాన్ని చూశాయంటే చాలు.

విజయనగర నేపథ్యం ఇక్కడ ప్రస్తావించదగినది. గురజాడ జీవించిన కాలంలోనే, ఆ పట్టణంతోనే ముడిపడి కోడి రామ్మూర్తి నాయుడు పేరు దేశమంతటా మోగింది. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగి, సర్కస్ ప్రదర్శనల్లో గొలుసులు తెంచి, రొమ్ముపై ఏనుగును నిలిపి ‘కలియుగ భీముడు’ అనిపించుకొన్న మల్లుడాయన. ఆయన ప్రదర్శనలు పరాధీన జాతికి ఎంత ధైర్యమిచ్చాయో కొట్టిపారేయలేము. అయినా చూసేవాడి కండకు, చేసేవాడి కండకు మధ్య దూరం ఉంటుంది. గురజాడ గేయంలో ఒక్క మల్లుడైనా లేకపోవడం, ఉన్నదంతా బహువచనంగా ‘మనుషులు’ కావడం ఈ నేపథ్యంలో అర్థవంతం. అసాధారణ దేహాన్ని చూపించి సామాన్యుణ్ణి పురికొల్పే పద్ధతి ఆయనది కాదు. ఆయన సొంత దేహం కూడా జీవితమంతా అనారోగ్యంతో పోరాడినదే.

ఆ గేయంలోని ‘ఈసురోమను’ అన్న మాట విమర్శకుల దృష్టిని చాలినంతగా ఆకర్షించలేదు. అది దేహస్థితా, మనఃస్థితా? తెలుగువాడు వేడిమికి సొమ్మసిల్లినా ఈసురోమంటాడు, దిగులుపడినా ఈసురోమంటాడు. నిట్టూర్పు శబ్దాన్ని అనుకరించిన ఈ మాట దేహానికీ మనసుకూ మధ్య గీత గీయదు. సంస్కృత సమాసాల్లో ‘నిరుత్సాహం’, ‘దౌర్బల్యం’ అని విడగొట్టవలసినదాన్ని జానపదుని నోటిమాట ఒక్కటిగా పట్టుకొన్నది. దేశం బాగుపడటానికి మనుషుల ఉల్లాసం ఒక ఆర్థిక వనరు అన్నంత స్పష్టంగా గురజాడ దాన్ని ప్రయోగించాడు. కండను గూర్చి చెప్పిన వెంటనే ఈ మాట రావడం వల్ల హుషారు కూడా తిండి నుంచే పుట్టుకొస్తుందన్న ధ్వని కలుగుతుంది.

గేయంలోని సంబోధన మరొక అంశం. ‘అన్నా’ అని, ‘ఓయ్’ అని పిలిచే గొంతు ఆజ్ఞాపించే అధికారిది కాదు, భుజం మీద చేయి వేసి పిలిచే సాటివాడిది. ఏడేసి మాత్రల మిశ్రగతి సామూహికంగా పాడుకోవడానికి ఒదుగుతుంది. పాడుతూ ఉన్నంతసేపు పిలిచేవాడెవడో పలికేవాడెవడో తెలియదు. ప్రేరక ప్రేరితుల భేదాన్ని గురజాడ సిద్ధాంతంతో కాక ఛందస్సుతోనే చెరిపివేశాడనవచ్చు. ‘మనిషి’ అన్న పదం స్త్రీపురుషులకు సమానమైనా, ‘కలవాడు’ అన్న రూపం మగవాడిదే. కండ గల మనిషిని ఊహించినప్పుడు ఆడమనిషి కవి కంటికి ఆనలేదన్న ఆక్షేపణను కాలధర్మమని సరిపెట్టడం సులభమే గాని, కన్యాశుల్క నాటకకర్త విషయంలో అది అంత తృప్తికరమైన సమాధానం కాదు.

తిండి ఉన్నా లేవనివాడు

తిండి ఉంటే కండ ఉంటుందన్న సూత్రానికి తెలుగు నవల ఒక ప్రత్యుదాహరణను ఇచ్చింది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’లోని సీతారామారావుకు తిండికి లోటు లేని పుట్టుక, చదువు, వంశగౌరవం అన్నీ ఉన్నాయి. లేనిది పూనిక. ఈ నవల వ్యాయామాన్ని గురించినది కాదు. అయినా చేయవలసినది తెలిసి కూడా దేహాన్ని కదిలించలేని మనిషిని తెలుగులో ఇంత దగ్గరగా చూపిన రచనలు అరుదు. తనకు ప్రశ్నించడం నేర్పిన తండ్రికి గోపీచంద్ ఈ పుస్తకాన్ని అంకితమిచ్చాడు. ఆ అంకితానికి నవలకు మధ్య ఒక వింత వైరుధ్యం ఉంది. ప్రశ్న హేతువాదికి ఆయుధం. సీతారామారావుకు అదే పక్షవాతం. ఏ పనికైనా ముందు ‘ఎందుకు’ అని అడిగి, సమాధానం దొరికే లోపల ఆ పని చేయవలసిన వేళ దాటిపోయే స్థితి అతనిది. రామయ్య తాత వంటి అనుభవజ్ఞుల మాటలు అతని చెవిన పడకపోలేదు. మాటలకు అతడు మరిన్ని మాటలే బదులిచ్చాడు. ఎక్కువ తెలిసినందువల్ల అతని నడక మొదలు కాలేదు గాని, తెలియకపోవడం వల్ల కాదు.

చరకుని జాబితాలోని శోకపీడితుని పక్కన ఇతణ్ణి నిలబెట్టవలసి ఉంటుంది. వైద్యుడు అటువంటివాణ్ణి వ్యాయామం నుంచి మినహాయించాడు. నవలాకారుడు అటువంటివాడి చేత శ్మశానం దాకా నడిపించాడు. అతని జబ్బును సోమరితనమని కొట్టివేసే విమర్శ, నవలలోని ఊరివారి మాటనే తిరిగి చెబుతుంది తప్ప రచయిత దృష్టిని అందుకోదు.

వేమన చెప్పిన వేపాకు దృష్టాంతం ఈ చోట ఉపయోగపడుతుంది. పాడగా పాడగా రాగం పెంపొందడం, తినగా తినగా వేము తియ్యబడటం, సాధన వల్ల పనులు సమకూరడం అన్న మూడింటిలో మధ్యది అందరికీ నోటికి వచ్చినా, దాని కాఠిన్యం చాలామందికి పట్టదు. మొదటి ఆకు చేదుగానే ఉంటుంది. వేమన దాన్ని దాచలేదు, మొదటి ఆకును తేనెలో ముంచి ఇవ్వనూ లేదు. హాయి పునరావృత్తికి దక్కే ఫలమే గాని, ముందుగా చేతికందే బయానా కాదని ఆ దృష్టాంతం స్వారస్యం. వాగ్భటుని లాఘవం కూడా ఇదే వరుసలోనిది. సీతారామారావు ప్రతి ఆకు దగ్గరా చేదు ఎందుకని ఆలోచించాడు.

ఈ దృష్టితో చూస్తే నేటి వ్యక్తిత్వ వికాస సాహిత్యం వేమనకు తలకిందులుగా నిలుస్తుంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి ఐదు మెట్లు’తో విశేష పాఠకాదరణ పొందిన ఈ ప్రక్రియను చిన్నచూపు చూడటం విశ్వవిద్యాలయ విమర్శకు అలవాటైపోయింది. అది సరికాదు. నవలలు కూడా చదవని పాఠకులకు తమ దినచర్యను గూర్చి ఆలోచించే వచనాన్ని అది అందించింది. చిక్కు దాని మెట్ల రూపకంలో ఉంది. మెట్టు ఎక్కేవాడు ఒంటరి. పైన ఉన్నది విజయం. ఈ ప్రక్రియలో సామాన్యంగా మొదట మనోవైఖరి మారాలి, తరువాత దేహం కదలాలి. కదలనివాడి లోపం అతని వైఖరిలోనే వెతకబడుతుంది. రాత్రిపాళీ పనివాడి నిద్ర, నడవడానికి చోటులేని వీధి, ఇంటెడు చాకిరీ తరువాత మిగలని బలం ఆ వచనంలో ‘సాకులు’ అన్న ఒక్క మాటలో సర్దుకుపోతాయి. గురజాడ షరతును గోడ మీది నినాదం తుడిచివేసినట్టే ఇక్కడా జరిగింది.

పాట మోసిన బరువు

శ్రమకు ప్రేరణ అన్న సమస్యను అందరికన్నా ముందుగా, పుస్తకం లేకుండానే పరిష్కరించుకొన్నవారు శ్రామిక గేయాల కర్తలు. బిరుదురాజు రామరాజు మొదలైన పరిశోధకులు సేకరించి వర్గీకరించిన దంపుళ్ల పాటల్లో, తిరగలి పాటల్లో, మోట పాటల్లో పల్లవి అర్థం కోసం ఉండదు, ఊపిరి కోసం ఉంటుంది. రోకలి కిందికి దిగే క్షణంలో పలికే ‘సువ్వి’ శ్వాసను బయటకు తోసే మాట. ఇద్దరు స్త్రీలు ఒకే రోట్లో పోటు వేసేటప్పుడు ఒకరి రోకలి లేచేసరికి మరొకరిది దిగాలి. ఆలస్యమైతే పాట తప్పుతుంది, పాట తప్పితే రోకళ్లు తగులుతాయి. ఇక్కడ చేసేదెవరు, చేయించేదెవరు అన్న వ్యాకరణ ప్రశ్నకు తావు లేదు. పాటలో సీతమ్మ కష్టాలో అత్తింటి ఆరళ్లో సాగుతుండగా చేతులు తమ పని చేసుకుపోతాయి. గురజాడ కండ గల మనిషిలో కనిపించని ఆడమనిషి ఈ గేయాల్లో కనిపిస్తుంది. అయితే దాన్ని వ్యాయామమని కీర్తించడం అన్యాయం. ఆ దంపుడు ఆమె ఎంచుకొన్నది కాదు, శక్తిలో సగం దగ్గర ఆపే వీలూ ఆమెకు లేదు. పాట ఆమెకు హాయినిచ్చిందనడం కన్నా, భరించరానిదాన్ని భరించదగినంతగా చేసిందనడం నిజానికి దగ్గర.

బియ్యం మిల్లులు వచ్చి రోళ్లు మూలపడిన తరువాత ఆ పాటలు పనిని కోల్పోయి సంకలనాల్లోకి చేరాయి. చెవిలో సినిమా పాట పెట్టుకొని ట్రెడ్‌మిల్ మీద నడిచే నేటి నగరవాసి తెలియకుండానే ఆ సంప్రదాయాన్ని అందిపుచ్చుకొన్నాడు. లయ అడుగును మోస్తుందన్నంత వరకు ఇద్దరిదీ ఒకే అనుభవం. తేడా ఒకటే. దంపుళ్ల పాట ఎదుటి రోకలికి వినపడేది. ఈ పాట పక్క యంత్రం మీద నడిచేవాడికి వినపడదు.