సొట్ట తీసే చెయ్యి

డెట్రాయిట్‌లో 1907లో మొదలైన కార్ల ప్రదర్శనను చూడాలని, కార్లంటే ప్రాణమిచ్చే నాకు ఏనాటి నుంచో కోరిక. అమెరికాలో బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు అది తీరింది. దీపాల కింద తళతళలాడే బాడీలను చూస్తుంటే మా నందికొండలో సొట్టలు తీసే మేస్త్రీలే కళ్ల ముందు మెదిలారు.

కొత్త కారు రూపం నేటికీ చాలాచోట్ల మైనం కలిసిన మట్టిలోనే తేలుతుంది. జనరల్ మోటార్స్‌లో హార్లీ ఎర్ల్ 1920లలోనే ఈ పద్ధతికి ఊతమిచ్చాడు. మట్టి నమూనా మీద మెరిసే పొర పరిచి, వెలుగు గీత ఎక్కడ వంకరపోతుందో చూస్తారు. మా మేస్త్రీ డోరు మీద ట్యూబులైటు వెలుగు చూసి పట్టేదీ ఆ వంకరనే.

రేకు సాగిందంటే అసలు చిక్కు. ఊరికే కొడితే ఇంకా ఉబ్బుతుంది. అందుకే ఉబ్బిన చోట గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, లోపల ఇనుప దిమ్మ ఆనించి, పైన సుత్తితో అణచి, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. రేకు ముడుచుకుని దారికొస్తుంది. ఆపైన అరచేత్తో నిమురుతాడు. కంటికి అందని మిట్ట చేతికి దొరుకుతుంది. పుట్టీ మందంగా మెత్తి పంపడం తేలిక, కానీ అది పగులుతుంది. మంచి పనివాడు పలచగా పూసి, వాటర్ పేపర్‌తో ఓపిగ్గా అరగదీస్తాడు.

నాగార్జునసాగర్ రాతి ఆనకట్టను వేల చేతులు లేపిన ఊరు మాది. ఇక్కడ చేతిపని చిన్నదెలా అవుతుంది?

డోరు మార్చేద్దామనుకునే ముందు ఒక్కసారి మేస్త్రీకి చూపించండి. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.