శాస్త్రగ్రంథములలో తెలుగు పేర్లు: ఒక విమర్శ

తెలుగున శాస్త్రగ్రంథములు లేవనుట పాత నింద. తెలుగున శాస్త్రపదములు లేవనుట దానికి తోబుట్టువు. ఈ రెండు నిందలను బాపుటకై మన పెద్దలు నూరేండ్లకు పైగా శ్రమించిరి. 1906 లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి వెలసెను. ఆ మండలికి ప్రాణమై నిలిచిన కొమర్రాజు వేంకటలక్ష్మణరావుగారు నాగపురమున చదువుకొన్నవారు. మరాఠీ వాఙ్మయపు అభివృద్ధిని కన్నులార చూచినవారు. అట్టి కృషి తెలుగున లేకపోవుట వారిని కలచివేసెను. 1923 లో కన్నుమూయువరకు వారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకై పాటుపడిరి. పిదప 1968 లో తెలుగు అకాడమీ యేర్పడి, పాఠ్యగ్రంథములను, పారిభాషిక పదకోశములను వెలువరించెను. ఇందరి శ్రమఫలముగా నేడు పదములకు కొరత లేదు.

ఇక మిగిలిన ప్రశ్న వేరు. ఉన్న పదములు మంచివేనా? కావ్యమున ఒక్క విశేషణము పొసగకున్న పుటలకొలది విమర్శించు మనము, శాస్త్రపదము కోశమున చేరినంతనే ప్రమాణమని తల వంచుచున్నాము. శాస్త్రపదము కూడ భాషలోని మాటయే. దానిని కూడ తూచవలెను. ఆ తూనికకు నేనొక చిన్న రాయిని ప్రతిపాదించుచున్నాను. పుస్తకమును మూసి, వస్తువును ఎదుట పెట్టుకొన్నప్పుడు ఆ పేరు నిలుచునా? వస్తువును చూచి పెట్టిన పేరు నిలుచును. అర్థముతో నిమిత్తము లేక గుర్తుగా మాత్రము తెచ్చుకొన్న పరభాషా నామమును ఈ రాతితో తూచ నక్కరలేదు. అది చెప్పునదేమియు లేదు గనుక తప్పునదియు లేదు. పరభాషా నామమును విడదీసి, దాని వ్యుత్పత్తిని అనువదించి చేసిన పేరు మాత్రము తరచుగా తడబడును. ఈ మాటను కొన్ని ఉదాహరణములతో పరీక్షింతము.

మొదటి సాక్ష్యము ఒక ఆంగ్ల గ్రంథము. పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు 1780 దశకమున విశాఖపట్టణమున నివసించి, ఈస్టిండియా కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. కోరమాండల్ తీరపు పాములను గూర్చి అతడు రచించిన గ్రంథము 1796 లో లండనున వెలువడెను. విషము గల పాము ఏది, లేనిది ఏది యని జనులకు తెలియజేయుట దాని ముఖ్యోద్దేశము. అందు పాముల వర్ణచిత్రములు, అతడు చేసిన విషపరీక్షల వివరములు కలవు. మనకు కావలసినది మరియొకటి. పాములకు అతడు స్థానికులైన తెలుగువారి నోట విన్న పేర్లను ఆంగ్లాక్షరములలో వ్రాసి యుంచెను.

అందు ఒకటి ‘కాటుక రేకుల పొడ’. నేడు ప్రపంచము ఆ పామును రస్సెల్ పేరనే పిలుచుచున్నది. మనవారు రక్తపింజర యనియు, పొడపాము అనియు అందురు. జంతుశాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించుచు, వీపుమీద మూడు వరుసలుగా గోధుమవన్నె అండాకారపు మచ్చలుండుననియు, ఒక్కొక్క మచ్చ చుట్టును నల్లని అంచుండుననియు చెప్పును. తెలుగువాడు దానినే మూడు మాటలలో చెప్పెను. పొడ యనగా మచ్చ. అది రేకువలె నుండును. ఆ రేకు అంచు కాటుక దిద్దినట్లుండును. ఇందు అలంకారము కలదు. కాని అలంకారముకొరకు వచ్చిన అలంకారము కాదు. ప్రాణము తీయు పామును పొరపాటు లేక గుర్తించుటకు వచ్చినది. ‘రక్తపింజర’ యను పేరు తీరు వేరు. ఆ పాము విషము రక్తపు గడ్డకట్టు గుణమును చెరచి రక్తస్రావమును కలిగించునని నేటి వైద్యము చెప్పును. ఆ పేరున రక్తము ముందే నిలిచి యున్నది. ఒక పేరు రూపమును, మరియొక పేరు గుణమును చెప్పుచున్నవి.

రెండవది ‘బంగారు పాము’. పసుపు, నలుపు పట్టెలు ఒకదాని పక్క నొకటి వచ్చు పాము ఇది. రస్సెల్ వ్రాసిన ఈ తెలుగు పేరునుండియే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడాఁ 1803 లో ‘బంగారస్’ అను ప్రజాతినామమును కల్పించెను. మన కట్లపాము కూడ ఆ ప్రజాతిలోనిదే. దాని మేన బంగారువన్నె మచ్చుకైనను లేదు. అయినను శాస్త్రమునకు చిక్కు కలుగలేదు. ఏలయన లాటిను నామావళిలో చేరిన పిదప ఆ మాట అర్థమును విడిచి గుర్తుగా మారినది. కట్లపామును తెలుగున ‘బంగారు పాము’ అన్నచో వినువాడు నవ్వును. మాట తన భాషలో అర్థముతో బ్రతుకును. పరభాషలో గుర్తుగా బ్రతుకును. ఈ భేదమును ముందు రాబోవు విమర్శకై జ్ఞాపకముంచుకొనవలెను.

రస్సెల్ తరువాత ఆ పదవికి వచ్చిన విలియం రాక్స్‌బర్గు సామర్లకోటలో తోట పెంచి, మొక్కలను పరిశోధించినవాడు. 1795 మొదలుకొని మూడు సంపుటములుగా, 300 చిత్రములతో వెలువడిన అతని కోరమాండల్ వృక్షగ్రంథమున కూడ తెలుగు పేర్లు విరివిగా కలవు. జ్వరమునకు వాడు సోమిద చెట్టు బెరడును అతడు ప్రత్యేకముగా పరిశీలించెను. ఆ తెలుగు పేరే 1830 లో ‘సొయ్‌మిడా’ అను ప్రజాతినామమైనది. పంది వంటి ఆకారము, గుర్రుమను ధ్వని గల మన పందికొక్కు ఆంగ్లమున ‘బాండికూట్’ అయి, 1873 లో ‘బాండికోటా’ అను ప్రజాతినామమై, సంబంధమే లేని ఆస్ట్రేలియా జంతువునకు కూడ తన పేరు నిచ్చెను. శాస్త్రము మనయొద్ద అప్పు తీసికొన్న మాటలు ఇవి. ఇవి పండితులు సభ చేసి కల్పించినవి కావు. పాములవారు, రైతులు, అడవిలో తిరుగువారు వస్తువును చూచి పెట్టినవి.

ఇక మనము పుస్తకము చదివి పెట్టిన పేర్లను చూతము. రసాయనశాస్త్రమున వెనుకటి తరములవారు మూడు వాయువులకు ఉదజని, నత్రజని, ఆమ్లజని యని పేర్లు పెట్టిరి. మూడును యూరోపీయ నామములకు అనువాదములే, మూడును సంస్కృతములే. కాని మూడింటి విలువ ఒకటి కాదు. ఉదకమును పుట్టించునది ఉదజని. ఆ వాయువు మండిన నీరే పుట్టును, పేరు సత్యము. నత్రము, అనగా పెట్లుప్పు, దానికి మూలమైనది నత్రజని, ఇదియు సత్యమే. నేటికిని రైతు ఎరువుల కొట్టులో ఆ మాటనే వాడుచున్నాడు. ఆమ్లజని యనగా ఆమ్లమును పుట్టించునది. ఇది సత్యము కాదు.

ఆ తప్పు మనది కాదు, లవాజియేది. ప్రతి ఆమ్లమునందును ఈ వాయువు ఉండి తీరునని ఆ మహనీయుడు నమ్మి, గ్రీకు ధాతువులతో దానికి ‘ఆక్సిజన్’ అను పేరు పెట్టెను. ఉప్పునుండి తీయు ఆమ్లములో ఉన్నవి హైడ్రోజను, క్లోరినులు మాత్రమే యనియు, ఆక్సిజను లేశమైనను లేదనియు 1810 నాటికి హంఫ్రీ డేవీ నిరూపించెను. సిద్ధాంతము పోయినది, పేరు మిగిలినది. యూరపున దానివలన హాని కలుగలేదు. ‘ఆక్సిజన్’ అను మాటలో గ్రీకు పులుపును వినువారు అరుదు. మనము ఆ గుర్తును విప్పి, లోని అర్థమును బయటకు తీసి, పూర్వపక్షమై పోయిన సిద్ధాంతమును తెలుగు బాలునిచేత వల్లె వేయించితిమి. బంగారు పాము లాటినులో చేరి నోరు మూసికొనెను. ఆక్సిజను తెలుగులో చేరి అబద్ధమాడెను.

ఈ విషయమున మన ఇరుగుపొరుగు భాషలను చూచుట ఈ సంపుటము చదువువారికి సులభము, ఉపయుక్తము. కన్నడమున నేటికిని ‘ఆమ్లజనక’, ఒడియాలో ‘అమ్లజాన’ వాడుకలో నున్నవి. మనము చేసిన పొరపాటునే వారును చేసిరి. మరాఠీలో ‘ప్రాణవాయు’, తమిళమున ‘ఉయిర్‌వళి’ కలవు. ఈ రెండును ప్రాణమును నిలుపు గాలి యనియే చెప్పును. మన వాడుకలోను ప్రాణవాయువు కలదు. ఆసుపత్రిలో రోగి బంధువునకు తెలిసిన మాట అదే. పాత పుస్తకములలోని ‘బొగ్గుపులుసు గాలి’ కూడ నా రాతికి తూగును. బొగ్గు మండిన ఆ గాలి పుట్టును. నీట కరగిన ఆ నీరు పులియును. నేడా మాటను మూలకు నెట్టితిమి. కావున దోషము సంస్కృతముది కాదు, గుణము అచ్చతెనుగుది కాదు. ఉదజని సంస్కృతమైనను మంచి పేరే. వస్తువును చూచుట, చూడకుండుట యనునదే ఇచటి తారతమ్యము.

అనువాదమైనంత మాత్రమున త్యజింపవలెనని కూడ నా మతము కాదు. ‘పత్రహరితము’ గ్రీకు మాటకు సరియైన అనువాదము. అయినను ఆకును చేతిలో నలిపి, వ్రేళ్ల కంటిన పచ్చదనమును చూపి ఆ మాట చెప్పవచ్చును. ‘కిరణజన్య సంయోగక్రియ’ యట్లు కాదు. అందు ఆకు లేదు, పచ్చదనము లేదు, తయారైన ఆహారమును లేదు. ఏ కిరణమో, ఏమి కలయునో చెప్పదు. తప్పు కాకున్నను తలుపు మూసిన పేరు. ‘ఆకు ఎండలో తన తిండి తాను వండుకొనుట’ అని మొదట చెప్పి, పిదప ఆ పదమును నేర్పిననే పిల్లలకు అది పట్టుబడును.

నేలల శాస్త్రము మరియొక పాఠము చెప్పును. భూగర్భశాస్త్రజ్ఞులు మన నల్లనేలకు ‘రేగర్’ అని పేరు వ్రాసిరి. అది తెలుగు ‘రేగడ’ యొక్క రూపమే యందురు. 1960 లో అమెరికా వ్యవసాయశాఖవారు ప్రకటించిన వర్గీకరణమున ఇట్టి నేలలకు ‘వెర్టిసాల్’ అను పేరు వచ్చెను. అది ‘తిరుగుట’ యను అర్థము గల లాటిను ధాతువునుండి పుట్టినది. ఎండకు నెఱ్ఱెలు విచ్చి, పైమన్ను లోనికి జారి, వానకు ఉబ్బి, నేల తన్ను తానే తిరుగవేసికొనును గనుక ఆ పేరు. ఇదియు చూచి పెట్టిన పేరే, అందుకే నిలిచినది.

ఈ నేలతో రైతు పడు కష్టమంతయు ‘పదను’ అను ఒక్క మాటలో నున్నది. తడి ఎక్కువైన రేగడ నాగలికి జిగురువలె అంటుకొనును; ఆరిన రాయియగును. ఈ రెంటి నడుమ దున్నుటకు వీలైన తడి కొన్నాళ్లే నిలుచును. అదియే పదను, దానిని అందుకొను సమయము అదను. 1972 లో పటాన్‌చెరువున నెలకొన్న అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనా సంస్థవారు నల్లనేలలపై చేసిన కృషిలో ముఖ్యభాగము ఈ చిక్కును గూర్చినదే. తడిసిన పిదప నేలలో దిగరాదు గనుక వానకు ముందే పొడినేలలో విత్తుట, నీరు నిలువకుండ వెడల్పైన మిట్టలు, నడుమ కాలువలు తీయుట అను పద్ధతులను వారు రూపొందించిరి. ఇట్టి పరిశోధనను తెలుగున చెప్పువాడు పదను, అదను, నెఱ్ఱె యను మాటలను విడిచి ఆంగ్లపదముల వ్యుత్పత్తులను అనువదించుచు కూర్చున్నచో, ఎవరి పొలముకొరకు పరిశోధన జరిగెనో వారికే అది అందదు.

దీనిపై ఒక ఆక్షేపణ రావచ్చును. జానపదుల పేర్లు ఊరికొక తీరున నుండును. ఒక పామునకు నాలుగు పేర్లు, ఒక పేరునకు రెండు పాములు. శాస్త్రమునకు నిలకడ కావలెను గదా! ఆక్షేపణ యుక్తమే. రస్సెల్ గ్రంథమున కూడ లోపము కలదు. ఆంగ్లలిపిలో ట–త, డ–ద భేదములు నిలువక కొన్ని పేర్ల అసలు రూపమును మనము ఊహింపవలసి వచ్చుచున్నది. అయినను దీనికి మందు పేర్లను పారవేయుట కాదు, శాస్త్రీయముగా సేకరించుట. ఆ దారిని భద్రిరాజు కృష్ణమూర్తిగారు చూపిరి. వారి సంపాదకత్వమున 1962 లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ వెలువరించిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములదే. ఏ మాట ఏ ప్రాంతమున పలుకుదురో అందు గుర్తించిరి. నిలకడకై లాటిను నామము, తెలివికై తెలుగు పేరు: రెండును పక్కపక్కన నుండవచ్చును. ముంబయిలో అణుశాస్త్రజ్ఞుడుగా నుండి సరళమైన తెలుగున విజ్ఞానవ్యాసములు వ్రాసిన కొడవటిగంటి రోహిణీప్రసాద్‌గారు (మరణము 2012) ఇట్టి సమన్వయము అసాధ్యము కాదని నిరూపించినవారే.

ఆ కోశపు సర్వేక్షణము ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు పరిమితమైనది. హోసూరు, కృష్ణగిరి, కోలారు, బళ్లారి, గంజాము, కోరాపుట్టు ప్రాంతముల తెలుగు అందు చేరలేదు. పొలమున రేగడను, గరపను, చవుటిని కాలితో తొక్కి చెప్పగల బాలుడు, మా వంటి అల్పసంఖ్యాక భాషా పాఠశాలలలో నేలల రకములు చెప్పుమన్నచో నోరు మెదపడు. తానెరిగినది శాస్త్రము కాదని వాని నమ్మకము. ఆ మాటలు వాని తాతతో పోవును. వాని పుస్తకములోని మాటలు పరీక్షతో పోవును. పిదప వానికి మిగులునది ఏ భాష?

కావున విమర్శకులకు, ఉపాధ్యాయులకు నా మనవి. కోశములలోని పదములను ఒక్కొక్కటిగా వస్తువునెదుట నిలిపి పరీక్షింపుడు. నిలువని వానిని నిర్మొగమాటముగా విడిచి, ప్రాణవాయువు వంటి వానిని తిరిగి పిలువుడు. రాష్ట్రేతర పాఠశాలలలో ప్రతి విద్యార్థిచేతను ఏటేట పది పేర్లు సేకరింపజేయుడు: నేల, చెట్టు, పురుగు, పాము, ఏదైనను సరే. పేరు, అది చెప్పినవారి ఊరు, వస్తువు చిత్రము, ఇరుగుపొరుగు భాషలో దాని పేరు, తెలిసినచో లాటిను నామము, ఈ అయిదు గళ్లతో ఒక పట్టిక చాలును. రెండువందల యేండ్లకు పూర్వము విశాఖలో ఒక పరదేశి వైద్యుడు పాములవాని మాటను చెవియొగ్గి వినెను గనుకనే కాటుక రేకుల పొడ నేడు మనకు పుస్తకమున దొరకినది. మన వీధిలోని మాటకు మనము చెవియొగ్గుట అంతకంటె కష్టమైన పని కాదు.