పడమటి కడలి, పచ్చని రాయి

పొద్దు సముద్రంలోకి దిగడం మన కోస్తావాళ్ళకు అలవాటైన దృశ్యం కాదు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మనది ఉదయాల తీరం. కడలి కడుపులోంచి సూర్యుడు పుట్టుకురావడం చూసి పెరిగినవాళ్ళం. మన సాయంత్రాలు ఊరి వెనక, తాటితోపుల మాటున, ఎవరికీ పట్టకుండా ముగిసిపోతాయి. న్యూజిలాండ్ దక్షిణ ద్వీపపు పడమటి అంచున, హోకిటికా ఒడ్డున నిలబడ్డ ఆ శనివారం సాయంత్రం టాస్మన్ సముద్రం ఆ లోటంతా ఒక్కసారిగా తీర్చేసింది. బూడిదరంగు ఇసుక మీద, కొండనదులు వరదల్లో మోసుకొచ్చి వదిలేసిన అడవి మానులు: ఉప్పుకు నాని, గాలికి అరిగి, వెండివన్నె తేలినవి. వాటి సందుల్లోంచి ఎర్రని వెలుగు పాకి వస్తోంది. దక్షిణాన అవొరాకీ శిఖరం, 3,724 మీటర్ల ఎత్తున ఆ మంచు, దిగే పొద్దుకు గులాబివన్నె తిరుగుతోంది. ముందు నిప్పు, పక్కన మంచు, పాదాల కింద కదిలే నురగ! ఏమి సాయంత్రమది! యానాం గాలి పీల్చి పెరిగిన నా మిత్రుడు చాలాసేపు పెదవి విప్పలేదు. చీకటి పడ్డాక "పదరా" అన్నాడు, అంతే.

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆర్థర్స్ పాస్ మీదుగా కొండలు దాటి దిగితే వచ్చే ఊళ్ళివి. కూమరా, హోకిటికా, రాస్, ఒకరిటో. అటు ఎండిన గడ్డి, ఇటు ఎడతెగని వాన. చెట్లంత ఫెర్నులు, నాచు కప్పుకున్న రీము వృక్షాలు. రెండు వీధులు నడిస్తే ఊరు అయిపోతుంది. ఆపైన ఒకవైపు అడవి, ఒకవైపు అల.

ఇక్కడికి చాలామంది ప్రశాంతత కోసం వస్తారు. నన్నడిగితే ఈ తీరానికి అంగిరసం విప్రలంభం. ప్రతి ఊరూ ఎవరికోసమో దూరాన్ని చూస్తున్నట్టే ఉంటుంది. 1864లో బంగారం పొడ తగలగానే ఇక్కడికి వేలమంది తరలివచ్చారు. వాళ్ళలో ఐరిష్ వాళ్ళెందరో. క్లేర్, కెర్రీ, టిప్పరేరీల పొలాలు వదిలి, ఆస్ట్రేలియా గనుల్లో కొంతకాలం గడిపి, హోకిటికా నదీముఖాన దిగారు. అక్కడి ఇసుకమేట మీద ఎన్నో ఓడలు విరిగాయి. అయినా రెండేళ్ళు తిరిగేసరికి హోకిటికాలో దాదాపు నూరు హోటళ్ళు వెలిశాయి, ఎక్కువగా ఒక్క రెవెల్ స్ట్రీట్‌లోనే! ఇవాళ ఆ వీధిలో సముద్రపు గాలి తీరుబడిగా తిరుగుతోంది. బంగారం తళుకు కన్నా ఆ తళుకు వెళ్ళిపోయిన చోటు మీద పడే ఈ మెత్తని వెలుగే నాకు అందంగా తోచింది.

ఊరికి ఎగువన, కడలి కనిపించే మిట్ట మీద శ్మశానం ఉంది. 1867 నవంబరులో ఇంగ్లండ్‌లో, ఐరిష్ స్వాతంత్ర్య పోరాటంతో ముడిపడ్డ మాంచెస్టర్ కేసులో ముగ్గురు ఐరిష్ వాళ్ళను ఉరితీశారు. ఆ వార్త ఓడలెక్కి ఇక్కడికి చేరాక, 1868 మార్చిలో హోకిటికా ఐరిష్ జనం వాళ్ళకు అంతిమయాత్ర జరిపారు. మోయడానికి దేహాలు లేవు. అవి భూగోళానికి అవతలి వైపు ఎక్కడో మట్టిలో ఉన్నాయి. ఐనా జనం బారులు తీరి నడిచి ఈ మిట్టకు వచ్చి, శిలువ నాటి, ప్రార్థించారు. ముందు నడిచిన ఫాదర్ లార్కిన్‌కూ, 'న్యూజిలాండ్ సెల్ట్' పత్రికా సంపాదకుడు మానింగ్‌కూ రాజద్రోహపు రాతలకు నెలరోజుల జైలు పడింది. కన్నవాళ్ళ చివరిచూపుకు అందలేక, పరదేశపు సముద్రంలో దక్షిణముఖంగా తర్పణం వదిలిన తెలుగువాళ్ళెందరికో ఆ ఊరేగింపు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. ఎంత ప్రేమ ఉంటే శవం లేని పాడెకు భుజం ఆనుతుంది!

ఐరిష్ వాళ్ళకన్నా ఎంతో ముందే, మావోరీల గాథలోనే ఈ తీరానికి వియోగం ఉంది. పౌటిని అనే జలసత్వం వైటైకి అనే స్త్రీని ఉత్తరాన ఎక్కడో అపహరించి తెచ్చింది. భర్త తమాఆహువా వెంట తరుముతూ వచ్చాడు. ఇక దొరికిపోతానని తెలిసి, పౌటిని ఆమెను రాయిగా మార్చి అరహురా నదీగర్భంలో పరిచింది. ఆ రాయే పౌనము, హోకిటికా కొట్లలో మెరిసే పచ్చరాయి. 1997 నుంచి దీని మీద హక్కు ఙాయి తాహు జాతి వారిదే. కాళిదాసు ఊర్వశి లతగా మారినా, పురూరవుడి కౌగిలిలో మళ్ళీ స్త్రీ అయింది. వైటైకి మళ్ళీ స్త్రీ కాలేదు. ఆ రాయిని నీళ్ళలో ముంచి ఎండకెత్తి చూడండి: లోపల అలలా కదిలే పలుచని ఆకుపచ్చ, అంచుల్లో పాలపొర. చల్లగా ఉండి, అరచేతిలో ఉంచగానే వెచ్చబడుతుంది. అయ్యో, ఇంత దుఃఖానికి ఇంత కాంతా!

రాస్‌లో ఎక్కువసేపు ఆగలేదు. 1909లో అక్కడ దొరికిన మూడు కిలోల బంగారపు ముద్ద ఐదవ జార్జి పట్టాభిషేకానికి కానుకగా వెళ్ళిందట, వెళ్ళనీ. మా మనసంతా ఒకరిటో మీద ఉంది. కేరీ హ్యూమ్ ఏళ్ళతరబడి నివసించిన కుగ్రామమది. ఆమె 'ద బోన్ పీపుల్'కు 1985లో బుకర్ వచ్చింది. 1866 నాటి హోకిటికాను కథాస్థలం చేసుకున్న ఎలినార్ కాటన్ 'ద ల్యూమినరీస్'కు 2013లో అదే బహుమతి. ఒకే తీరానికి రెండు మహానవలలు! ఒకరిటో మడుగు అంచున నిలబడితే ఆశ్చర్యం అనిపించదు. నీరు కదలదు, కొండలు అందులో తలకిందులుగా నిద్రపోతుంటాయి. ఆ అద్దం మీద కోటుకు వాలింది. జన్మకొక్కసారి కనిపించే అతిథి అని మావోరీలు గౌరవించే తెల్లకొంగ. ఈ దేశం మొత్తంలో అది గూడు కట్టేది ఈ పక్కనున్న వైటాంగిరోటో ఒడ్డునే. మన వరిచేలలో దున్నపోతుల పక్కన నిలబడే పెద్ద తెల్లకొంగదీ అదే జాతి. అక్కడ ఎవడూ తలెత్తి చూడడు. ఇక్కడ మేమిద్దరం ఊపిరి బిగబట్టాం.

ఆదివారం మధ్యాహ్నం, తిరుగుదారిలో, హోకిటికాలో వైట్‌బైట్ అట్టు తిన్నాం. సముద్రంలో పెరిగి వసంతంలో నదుల్లోకి ఎదురీదే చేపపిల్లలివి, అగ్గిపుల్లంత, అద్దమంత తేట. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నదీముఖాల దగ్గర ముసలీముతకా వలబుట్టలతో కాపు కాస్తారు. గుడ్డుసొనలో కలిపి వెన్నమీద కాలిస్తే, పైన పలుచని కరకర, లోపల మీగడ మెత్తన, చివర నాలుక మీద ఏటినీటి చల్లదనం! మొదటి ముద్దకే మా యానాం వాడి కళ్ళు మెరిశాయి.

"ఒరేయ్, ఇది మన చీరమేనురా!"

నిజమే. దసరా వెళ్ళి తూర్పుగాలి తిరిగాక గోదావరి సముద్రంలో కలిసేచోట చీరలతో వడకట్టి, సేర్లతో కొలిచి అమ్మే చీరమేను. రెండూ కడలికీ ఏటికీ నడుమ దొరికే పసిరుచులే. వాడు నిమ్మచెక్క పిండుతూ, వాళ్ళమ్మ దాంట్లో చింతచిగురు వేసి ఎలా వండేదో, గారెల్లో ఎంత వేసేదో చెప్పసాగాడు. చెబుతున్నంతసేపూ తింటూనే ఉన్నాడు. మరో అట్టు తెప్పించుకున్నాం.