విప్పడానికి పన్నెండు రోజులు

మా తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు నాకు పదకొండేళ్ళు. మేస్త్రీ ముందు పెంకులు దింపించాడు, తర్వాత బద్దలు, వాసాలు, ఆఖరికి దూలాలు. కట్టిన వరసకు సరిగ్గా ఎదురు వరస. పిల్లలం మేం వంకర మేకులు సాపు చేశాం. సున్నంతో కట్టిన గోడ కాబట్టి గీకితే ఇటుక శుభ్రంగా ఊడొచ్చేది. సిమెంటు గోడకు అది చెల్లదు. ఆ టేకు దూలం ఇప్పుడు మా పెదనాన్నగారింట్లో ద్వారబంధమై ఉంది.

కిందటేడు అదే వీధిలో అలాంటి ఇంటినే మధ్యాహ్నానికల్లా జేసీబీతో నేలమట్టం చేశారు. బిల్డర్‌ను తిట్టుకోలేకపోయాను. స్థలం ఖాళీ అయ్యేదాకా ఆయనకు రోజూ వడ్డీ పెరుగుతుంది. ఆ రోజుల ఖర్చు ఎవరు భరించాలన్నదే అసలు ప్రశ్న.

అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరం మొదట తానే భరించింది. 2015లో ఇల్లు చేత్తో విప్పించేవాళ్ళకు 2,500 డాలర్ల దాకా సాయం ప్రకటించింది. మరుసటేడు అక్టోబరు 31 నుంచి, 1916లోగా కట్టిన ఇళ్ళను విప్పే తీరాలని చట్టం తెచ్చింది. 2020లో ఆ గడువును 1940కి జరిపింది. అక్కడి పాత ఇళ్ళ కలప ఎక్కువగా డగ్లస్ ఫర్, వందల ఏళ్ళు నెమ్మదిగా పెరిగిన చెట్లది. అంత దగ్గర వలయాల చేవ ఈనాటి తోటల కలపలో దొరకదు. నాకు నచ్చింది ముందు డబ్బు, తర్వాత చట్టం అన్న ఆ వరస. చట్టం వచ్చేసరికి పని తెలిసిన చేతులు కొన్నయినా సిద్ధమయ్యాయి. నగరం శిక్షణ ఇప్పించి, ధ్రువపత్రం ఉన్నవాళ్ళకే ఆ పని అప్పగించింది.

మనకూ 2016లో నిర్మాణ వ్యర్థాల నిబంధనలు వచ్చాయి. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడల్లో శిథిలాలను పిండి చేసి ఇసుక, పేవర్లు తీస్తున్నారు. మంచి పనే. కానీ విరిగిన దూలాన్ని ఏ యంత్రమూ తిరిగి దూలం చేయలేదు. పాత కలప దుకాణం రసీదు చూపిన బిల్డర్‌కు అనుమతి రుసుములో కొంత వెనక్కిస్తే చాలు, చాలా దూలాలు బతుకుతాయని నా నమ్మకం.

మొన్న ఆ మేస్త్రీ కొడుకు కనిపించాడు. ఎదురుగా అమ్మకానికి పెట్టిన పెంకుటిల్లు చూపించి, విప్పడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగాను. కప్పు వంక చూస్తూ పెదవులతోనే వాసాలు లెక్కపెట్టాడు.

"పన్నెండు రోజులండీ. వాన పడితే పద్నాలుగు."